మట్టి జహాజు వచ్చిన ఏడాది

మొన్న మనవరాలితో, దాని స్నేహితురాలితో కలిసి చాతం జెట్టీ నుంచి హార్బరు అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కి ఫెర్రీలో వెళుతున్నాను. నీళ్ళ నడుమ ఒక ఇనుప జహాజు లంగరేసుకుని ఉంది. దాని మీద క్రేను, క్రేను కొసన ఇనుప దోసిలి. ఆ దోసిలి నీళ్ళలోకి దిగుతుంది, సముద్రం అడుగున ఉన్న నల్లబురదను ఎత్తుకుని పైకొస్తుంది, పక్కన నిలబడ్డ బార్జిలో కుమ్మరిస్తుంది, మళ్ళీ దిగుతుంది. గాలి ఒక్కసారి మావైపు తిరిగేసరికి ఫెర్రీలో ఉన్నవాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు. ఒకాయన "క్యా బద్బూ హై భయ్యా" అని నీళ్ళలోకి ఉమ్మేశాడు.

నేను మూసుకోలేదు. కుళ్ళిన ఆల్చిప్పలు, తుప్పుపట్టిన ఇనుము, ఏళ్ళ తరబడి నానిన చెక్క, అన్నీ కలిసిన ఆ వాసన నాకు బాగా తెలుసు. ఒక ఏడాది పొడుగునా మా ఇంట్లో అందరం ఆ వాసనలోనే అన్నం తిన్నాం.

మనవరాలు తన స్నేహితురాలిని మోచేత్తో పొడిచి, "మాలూమ్? మా అమ్మమ్మ చిన్నప్పుడు పడవలో కాలు పెడితే సముద్రంలో గొయ్యే పూడిపోయిందంట. ఈ మెషీన్ ఎందుకు, అమ్మమ్మని దింపితే సరి!" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

దాన్ని తప్పు పట్టటానికి లేదు. అది మా ఇంటి హాస్యం. మా నాయనమ్మ పుట్టించింది, ఊరు పెంచింది. నా పెళ్ళి పందిట్లో కూడా ఎవరో ముసలావిడ "కాలు జాగ్రత్తగా పెట్టించండి బాబూ, సముద్రాన్ని పూడ్చిన పిల్ల" అంటే మా అత్తవారింటివాళ్ళు ముందు భయపడి, తరవాత నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరన్నా నేనే ముందు నవ్వేదాన్ని, వాళ్ళకి ఇబ్బంది లేకుండా. మొన్న ఎందుకో ఆ బురద వాసనకి నా నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

*

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా తాత అటు కళింగాంధ్ర తీరం నుంచి సర్కారు జహాజెక్కి ఈ దీవులకొచ్చాడు. పెళ్ళాన్నీ, ఇద్దరు కొడుకుల్నీ, ఒక వలనీ వెంటబెట్టుకొచ్చాడు. వలని చివర చెప్పానని అనుకోకండి, ఆయన లెక్కలో అదే ముందు. ఒడ్డునే మా పాలెం. పక్కనున్న రంపపు మిల్లులో కోసి పారేసిన చెక్కలతో గోడలు, తాటాకులాంటి ధనీ ఆకుతో కప్పు. గాలి అటు నుంచి వీస్తే పడౌక్ చెక్క పొట్టు వాసన, ఇటు నుంచి వీస్తే ఎండుచేపల వాసన. ఈ రెండూ లేకుండా ఊపిరి పీల్చటం ఎలాగో నాకు పెళ్ళై ఊళ్ళో లంబాలైన్‌కి కాపురానికొచ్చాక గానీ తెలియలేదు.

నేను దోగాడే వయసులో మా అయ్య సముద్రంలో పోయాడు. గాలివానలో పడవ తిరగబడితే చిన్నాన్న ఈదుకుంటూ వచ్చాడు, అయ్య రాలేదు. నాకు అయ్య ముఖం తెలియదు. చిన్నాన్న భుజాలు తెలుసు. వాటి మీదే పెరిగాను. మిల్లు వెనక ఎర్రగా పోగుపడిన రంపపు పొట్టు గుట్టల మీంచి నన్ను జారించేవాడు. ఇంటికొచ్చేసరికి జుట్టునిండా పొట్టు. అమ్మ దువ్వెన పుచ్చుకుని తిడుతుంటే, వాడు గోడవతల నుంచి కోతిచేష్టలు చేసి నన్ను నవ్వించి ఇంకో దెబ్బ తినిపించేవాడు.

తాత తెచ్చిన చేపల్ని అమ్మ గంపకెత్తుకుని ఊళ్ళో అమ్మేది. నాయనమ్మ మిగిలినవి ఉప్పేసి ఎండబెట్టేది. పొద్దున్న చద్దన్నంలోకి నిప్పుల మీద కాల్చిన ఎండు కవ్వళ్ళు, రాత్రి చింతపండు పులుసు. కాల్చిన కవ్వళ్ళు నాలుగు కొట్టేసి, మిల్లులో పనిచేసే బెంగాలీ వాళ్ళ పిల్లకిచ్చి బెల్లం ఉండ తెచ్చుకోవటం నా వ్యాపారం. పట్టుబడినప్పుడల్లా తాత వెనక దాక్కునేదాన్ని.

తాత నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "ఒలే గవ్వా" అనేవాడు. నా గౌను జేబులో ఎప్పుడూ గవ్వలుండేవి కాబట్టి. తాత పిలిస్తే పాలెం ఆ చివర్నుంచి పరిగెత్తేదాన్ని. ఆయన పళ్ళెంలో మొదటి ముద్ద నాది. నాయనమ్మ "నెత్తికెక్కించీసినాడు, కూతురి కన్నా గారాబం" అని మూతి తిప్పేది.

*

తాతకి ఒక రహస్యం ఉండేది. అది మా ఇంటి అన్నం.

సముద్రంలో చేపలుండే చోటు దొరికితే మావాళ్ళు ఎవరికీ చెప్పరు. తోడబుట్టినవాడికైనా చెప్పరు. నీళ్ళ మీద గీత గియ్యలేం, జెండా పాతలేం. ఒడ్డు మీద కనపడే గుర్తులే దానికి హద్దురాళ్ళు. ఒకవైపు రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి రావాలి, ఇంకోవైపు ఇంకో రెండు అలాగే రావాలి. ఆ రెండు చూపులూ ఎక్కడ కలుస్తాయో అక్కడ లంగరు వెయ్యాలి.

తాత ఈ దీవులకొచ్చిన మొదటి ఏళ్ళలో గాలాలు పోగొట్టుకుని, తాళ్ళు తెంపుకుని, హార్బరు నీళ్ళలోనే ఒక చోటు కనిపెట్టాడు. చుట్టూ బురద నేల, నడుమ ఒక లోతైన గొయ్యి, గొయ్యినిండా రాళ్ళు. ఆ రాళ్ళలో చేపలు కాపురాలుండేవి. తుఫాను రోజుల్లో మిగతా పడవలు బయటికి పోలేక ఒడ్డున పడుంటే, మా చిన్న పడవ, డుంగీ, గట్టు చాటున అలా వెళ్ళి ఇలా గంప నింపుకొచ్చేది. దానికి తాత పేరు పెట్టలేదు. పేరుంటే నోరు జారతాం అనేవాడు. ఇంట్లో మాత్రం "అత్తోరిల్లు" అనేవారు. పని చెయ్యకుండా తిండి దొరికే చోటు కదా.

ఆ చోటుని కాపాడుకోటానికి తాత ఆడిన అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు. ముందు పడమర వైపు తెడ్డు వేసి, అందరూ చూశాక చుట్టు తిరిగి వెనక్కొచ్చేవాడు. ఎవరైనా అక్కడ గాలం వేస్తానంటే, "అక్కడేటుంది రా? నీలు సుడి తిరుగుతాయి. ఒక్క సేప దొరికితే నా మీసం గొరుక్కో" అనేవాడు. యుద్ధమప్పుడు జపాను వాళ్ళు ఈ దీవుల్ని ఏలిన కాలంలో అక్కడ ముంచేసిన మనుషులు కాళ్ళు పట్టి లాగుతారని కూడా ఒక కథ కట్టాడు. పాలెమంతా నమ్మింది. పిల్లలం అటు చూడటానికే జడిసేవాళ్ళం.

గుర్తులు తెలిసినవాళ్ళు ముగ్గురే. తాత, మా అయ్య, చిన్నాన్న. అయ్య పోయాక ఇద్దరు.

ఆడది డుంగీ ఎక్కకూడదని మావాళ్ళ కట్టడి. ఎక్కితే గంగమ్మకి కోపం, చేప పోతుందంటారు. వల దాటినా తిట్లే. నాకు మాత్రం ఆ అత్తోరిల్లు చూడాలని ఒకటే యావ. ఒకరోజు తాతకి జ్వరం. చిన్నాన్న ఒంటరిగా బయలుదేరుతున్నాడు. నేను తెడ్డు పట్టుకుని వదల్లేదు. ఏడ్చాను. కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాను.

"నోరు మూస్తావేటి? సుప్! ఎక్కు, ఎక్కి ఆ గోనె కింద పడుకో" అన్నాడు చిన్నాన్న.

గోనె కింద చేప నెత్తురు వాసన, తారు వాసన. కాసేపటికి వాడు గోనె లాగేసి, "ఇప్పుడు సూడు" అన్నాడు. నా ఎడమ కన్ను తన అరచేత్తో మూశాడు. "మిల్లు పొగగొట్టం ఎనకాల బోడికొండ నెత్తి వచ్చిందా? ఇప్పుడిటు తిరుగు. ఆ ఒడ్డున సున్నం గోడ ఉందా, దాని కొసకి జంట కొబ్బరిసెట్లు వచ్చినాయా? వచ్చినాయి కదా. అదే మరి. మీ అయ్య నాకు ఇలగే కన్ను మూసి సూపించినాడు."

గాలం నా చేతికిచ్చాడు. తాడు లాగిన లాగుడుకి నా వేలు తెగింది. పైకొచ్చింది ఎర్రటి రాతిచేప, నా చెయ్యంత ఉంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మళ్ళీ బిడ్డ పుట్టినప్పుడే కలిగిందంటే అతిశయోక్తి అనుకుంటారు, అనుకోండి. తిరిగి వచ్చేటప్పుడు చిన్నాన్న నా చేత గంగమ్మ మీద ఒట్టేయించాడు. "ఇది నీదీ నాదీ. సచ్చినా ఎవరికీ సెప్పకూడదు."

నేను చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

*

ఆ తరవాత మట్టి జహాజు వచ్చింది. సర్కారు వాళ్ళు పెద్ద జహాజులు జెట్టీకి ఆనేలా నీళ్ళు లోతు చేయిస్తున్నారని చెప్పారు. దాని ఒంటినిండా గొలుసుకు కట్టిన ఇనుప బక్కెట్లు. గొలుసు తిరుగుతుంటే బక్కెట్లు ఒకదాని తరవాత ఒకటి బురద తోడుకొచ్చేవి. పొద్దున మొదలయ్యే ఆ గరగర చప్పుడు చీకటి పడితే గానీ ఆగేది కాదు. బురదంతా బార్జిలోకి పోసేవారు. బార్జి నిండాక లాంచి దాన్ని హార్బరు బయటికి ఈడ్చుకుపోయేది. బార్జికి అడుగున తలుపులుంటాయి. అవి తెరిస్తే బురద మొత్తం ఒక్కసారి కిందికి జారిపోతుంది, బార్జి ఎగిరి గంతేస్తుంది. అది చూసి పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం.

కొంత బురద ఒడ్డు మెరక చెయ్యటానికి మా పాలెం పక్కనే పోశారు. అది మాకు గని. మోకాళ్ళ దాకా దిగి వెతికేవాళ్ళం. మూత ఊడని సీసాలు, ఇత్తడి గుండీలు, ఓడ మేకులు, ఒకసారి నీలం పువ్వున్న పింగాణీ కప్పు పిడి. ఇంటికొస్తే నాయనమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఆపేసేది. "ఏ సచ్చినోల్ల బురదో, నా పొయ్యికాడికి రాకండి" అని మమ్మల్ని సముద్రం నీళ్ళతోనే కడిగేది.

చిన్నాన్న ఆ జహాజు మీద ఖలాసీగా, పనివాడిగా కుదిరాడు. రోజుకూలీయే, పక్కా కాదు. తాత ఇష్టపడలేదు.

"సేప పట్టే సేతితో బురద ఎత్తుతావేట్రా?"

"కొన్నాల్లే అయ్యా. పని అయిపోతే జహాజు ఎలిపోద్ది, నాను డుంగీ ఎక్కేస్తాను" అన్నాడు చిన్నాన్న.

అమ్మ రోజూ అన్నం గిన్నె కట్టి ఇస్తే నేను జెట్టీకి పట్టుకెళ్ళేదాన్ని. నీలం చొక్కా వేసుకుని, నూనె మరకలతో, వాడు నాకు దొరలా కనపడేవాడు. నా పీకకి గాలం పడిందని నాకేం తెలుసు.

*

వర్షాలు మొదలైన రోజులు. పడవలేవీ బయటికి పోవటం లేదు. తాత ఎప్పటిలా అత్తోరింటికి బయలుదేరి, కాసేపటికే ఖాళీ గంపతో వెనక్కొచ్చాడు. గుమ్మంలో కూలబడ్డాడు. నాయనమ్మ మంచినీళ్ళిస్తే చెంబు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"బార్జి అక్కడ తలుపు తీసింది" అన్నాడు ఎట్టకేలకి.

గాలివానకి బార్జిని బయటిదాకా ఈడవటం కష్టమని, దగ్గర్లోనే లోతైన గొయ్యి చూసుకుని అందులో పోస్తున్నారు. ఆ గొయ్యి మాదే. తాత కళ్ళముందే బురద దిగింది. నీళ్ళు నల్లగా మరిగాయట. ఆ సాయంత్రం పులుసు లేదు. గంజి తాగి పడుకున్నాం.

మర్నాడు తాత తన జీవితంలో చెయ్యని పని చేశాడు. ఉతికిన పంచె కట్టుకుని హార్బరు ఆఫీసుకెళ్ళి, ఏళ్ళ తరబడి దాచిన చోటుని తన నోటితో తనే చెప్పేశాడు. అది నా చోటు సాబ్, నా ఇంటి అన్నం, అందులో పొయ్యొద్దు అని చేతులు జోడించాడు. ఆఫీసరు మంచివాడే. సరే, కనుక్కుందాం అని మనిషిని పంపి మా పాలెం పెద్దల్ని పిలిపించాడు. తాతతో పాటు నేనూ వెళ్ళాను. వరండా చివర నిలబడి విన్నాను.

"అక్కడ ఎవరన్నా చేప పడతారా?" అని అడిగాడు ఆఫీసరు.

పాలెం పెద్దలు ముఖాలు చూసుకున్నారు. "ఎవులూ పట్టరు సాబ్. అక్కడ సేపే నేదు. ఖాలీ" అన్నాడొకాయన. "నీలు సుడి తిరుగుతాయి" అన్నాడు ఇంకొకాయన. "దెయ్యాలున్నాయి. ఇదిగో, ఈ ముసలాయనే మాకు సెప్పినాడు" అన్నాడు మూడో ఆయన. వాళ్ళు తాత మీద కోపంతో అనలేదు. నిజం అనుకున్నదే చెప్పారు. తాత పెట్టిన అబద్ధం తాత ముందే వచ్చి నిలబడింది.

ఆఫీసరు నవ్వాపుకున్నాడు. తాత నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. దారిలో పాలెం పెద్ద ఒకాయన వెనకనుంచి అందుకుని, "అంటే ఇన్నేల్లూ మమ్మల్ని మోసం సేసినావేట్రా?" అని అడిగాడు. తాత నడక ఆపలేదు. ఆ రోజు నుంచి మా ఇంటికి నిప్పు అడగటానికి కూడా ఎవరూ రాలేదు.

*

అంత నీళ్ళలో ఆ గొయ్యే ఎందుకు దొరికింది వాళ్ళకి? నాయనమ్మ ఈ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. గంగమ్మకి ఏదో అపచారం జరిగింది, లేకపోతే ఇలా అవదు అనేది. ఒకరాత్రి అన్నం దగ్గర అందరం కూర్చున్నాం. చిన్నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు.

"అమ్మా, తప్పు నాదే" అన్నాడు.

ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు.

"అయ్యకి జొరం వచ్చినాయేల, గుంట ఏడిస్తే డుంగీ ఎక్కించినాను. అత్తోరింటికి తీసుకెల్లినాను. గాలం కూడా ఏసింది. సిన్నపిల్ల కదా, ఏటవుతాదిలే అనుకున్నాను. గంగమ్మ ఊరుకుంటాదా మరి?"

కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాడు. నాయనమ్మ నెత్తి బాదుకుంది. అమ్మ నా వైపు చూసింది, అవునా అని. నేను తల దించుకున్నాను. అవును మరి, ఎక్కాను. ఒట్టు వేయించినవాడే ఒట్టు తీసి గట్టున పెట్టాడని మాత్రం అనిపించింది. తాత నన్ను చూడలేదు. చిన్నాన్నని చూశాడు. చాలాసేపు చూసి, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లారి నాకు తలమీద పసుపునీళ్ళు పోశారు. కోడిని కోశారు. తడిబట్టలతో డుంగీ చుట్టూ తిప్పి, తప్పయింది తల్లీ అని నా చేత దణ్ణాలు పెట్టించారు. పాలెం ఆడవాళ్ళందరూ చూడటానికొచ్చారు. "ఇదేనా కాలెట్టింది?" "ఎంత గుంట, ఎంత పని సేసింది!" అనుకున్నారు. ఒడ్డుకి పోకూడదన్నారు. వల ముట్టకూడదన్నారు. రాత్రి అమ్మ నా తల తుడుస్తూ ఒక్కటే మాట అంది. "పడుండమ్మా. మనకి ఇంకో ఇల్లు నేదు."

అదంతా నేను భరించాను. భరించలేనిది ఒక్కటే. తాత నన్ను గవ్వా అనటం మానేశాడు. "పిల్లా, సెంబు తే" అనేవాడు. "పిల్లా, పక్కకి తప్పుకో" అనేవాడు. మొదటి ముద్ద కోసం నేను కొన్నాళ్ళు పళ్ళెం దగ్గర అలాగే నిలబడ్డాను. తరవాత నిలబడటం మానేశాను. నా కాలు వల్లే మా అన్నం పోయిందని నేనూ నమ్మాను. చెప్పులు లేని ఆ పాదాన్ని చూసుకుంటూ కూర్చునేదాన్ని.

*

చిన్నాన్నకి మాత్రం నేనే అన్నం పట్టుకెళ్ళాలి. జెట్టీ మీద నడవటానికి గంగమ్మకి అభ్యంతరం లేదు కాబోలు. ఒకరోజు వెళ్ళేసరికి వాడు లాంచి మీద ఉన్నాడు. మట్టి జహాజు సారంగు, అంటే ఖలాసీలందరి మీదా పెద్ద, జెట్టీ మీద బీడీ కాలుస్తున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, హిందీ తెలుగు కలగలిపి మాట్లాడేవాడు. నా చేతిలో గిన్నె మూత తీసి వాసన చూశాడు.

"వాహ్, ఎండురొయ్యలా! తినిపించమ్మా మీ చాచాకి, బాగా తినిపించు. బడా హోషియార్ ఆద్మీ. సాబ్ 'తుఫానులో బార్జి బయటికి పోదు, దగ్గర్లో గొయ్యి ఏదైనా ఉందా' అని అందరినీ అడిగాడు. ఎవడూ చెప్పలేదు. మీ చాచానే లాంచి ఎక్కి, ఒక కన్ను మూసి అటు చూశాడు, ఇటు చూశాడు, 'బస్, ఇక్కడ' అన్నాడు. తాడు దింపి చూస్తే అగాధం! సాబ్ ఖుష్. అబ్ ఉస్కా నౌకరీ పక్కా, ఇక ఎవరూ తీసెయ్యరు."

ఒక కన్ను మూసి. నా కన్ను మూసిన ఆ అరచెయ్యి వాసన, తారు, చేప, బీడీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గిన్నె అక్కడే పెట్టేసి నిలబడ్డాను. చిన్నాన్న లాంచి దిగొచ్చి నా ముఖం చూశాడు, సారంగుని చూశాడు. అర్థమైంది వాడికి.

"నువ్వేనా చిన్నాన్నా?"

నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "నాను మల్లీ డుంగీ ఎక్కనేనే. మీ అయ్య మునిగిపోతా నా పేరు పెట్టి అరిసినాడు. ఇప్పటికీ తెడ్డు నీటిలో పడితే ఆ కేకే ఇనిపిస్తాది. అత్తోరిల్లుంటే మీ తాత నన్ను వదల్డు. అది పోతే..." అని ఆగాడు.

జాలి వేసింది. అదే నా ఖర్మ, ఆ వయసులో కూడా జాలి వేసింది.

"అయితే తాతకి సెప్పు. నా కాలు వల్ల కాదని సెప్పు."

"సెప్తాను. ఒట్టు. నౌకరీ కాయితం సేతికి రానీ."

కాయితం చేతికొచ్చింది. చెప్పలేదు. నాకు ఎర్ర రిబ్బను తెచ్చాడు. అమ్మ జడ వెయ్యబోతే విప్పి పారేశాను. "ఎంత పొగరు! ఇంత సేసినా ఆడు పెద్దమనసుతో తెస్తే" అని నాయనమ్మ మొట్టికాయ వేసింది. చిన్నాన్న తలొంచుకుని పులుసు జుర్రుకున్నాడు. రోజూ అన్నం దగ్గర నేను వాడి నోటి వంకే చూసేదాన్ని. ఇవాళ చెప్తాడు, ఇవాళ కాకపోతే రేపు. వాడు తిని, చెయ్యి కడుక్కుని, లేచిపోయేవాడు.

*

చివరికి నేనే తాత దగ్గరికి వెళ్ళాను. ఇంటి వెనక నీడలో కూర్చుని చిరిగిన వలకి ముడులు వేస్తున్నాడు. ఆ వలతో ఇక పనేం లేదు, చేతులు ఊరుకోక వేస్తున్నాడు. ఎదురుగా నిలబడి సారంగు చెప్పిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. కొడుకు చేసిన ద్రోహం విని తాత లేచి అరుస్తాడని, వల విసిరికొడతాడని, తరవాత నన్ను దగ్గరికి తీసుకుంటాడని ముందే కలగన్నాను.

తాత చేతిలో సూది ఆగలేదు. ఇంకో ముడి వేశాడు.

"తెలుసే" అన్నాడు.

ముడి బిగిస్తూనే చెప్పాడు.

"బార్జి అటూ ఇటూ ఎతకనేదు. తాడేసినట్టు సూటిగా ఆ సోటికే వచ్చి ఆగింది. సెప్పే మనిషి నేకుండా అలగ వస్తాదేటి? నాను సెప్పనేదు. ఇంకెవులున్నారు?"

"మరి నాయనమ్మతో ఎందుకనలేదు? నన్ను అంత మంది ముందర తిప్పినప్పుడు ఎందుకనలేదు?"

అప్పుడు సూది ఆపాడు. "అంటే ఆడు ఇల్లొదిలి పోతాడు. పాలెం ఆడిని బతకనియ్యదు. ఒక కొడుకుని ఈ నీలకిచ్చినాను. ఉన్నోడొక్కడు. ఇప్పుడు మన బువ్వ కూడా ఆడిదే. నువ్వు ఆడపిల్లవి, ఇంకో ఇంటికెలిపోతావు. ఈ మాట నీ ఎనక అక్కడిదాకా రాదు."

వచ్చిందని మీకు ముందే చెప్పాను కదా.

నేను ఏడుస్తున్నాను. తాత చెయ్యి చాచి నా తల మీద పెట్టాడు. ముడులు వేసి వేసి గరుకెక్కిన చెయ్యి.

"ఆడు మొయ్యనేడే గవ్వా. నువ్వు మొయ్యగలవు."

అన్ని నెలల తరవాత ఆ పేరు ఆయన నోట విన్నాను. ఎంత పిచ్చిదాన్నంటే, ఆ ఒక్క పిలుపు కోసం కళ్ళు తుడుచుకుని సరేనని తలూపాను. లోపలికెళ్ళి అమ్మకి కూడా చెప్పలేదు.

*

చిన్నాన్న నౌకరీతోనే ఇల్లు నడిచింది. రేకు కప్పు వేశాం. నా చదువు, నా పెళ్ళి చీర, అన్నీ వాడివే. వాడు పోయేదాకా నా ముఖంలోకి సూటిగా చూడలేదు. వాడి మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. వాడు పిరికివాడు, భయంతో చేశాడు. తాత పిరికివాడు కాదు. నీడలో కూర్చుని, ముడి మీద ముడి వేసుకుంటూ, బాగా ఆలోచించి చేశాడు. చిన్నాన్న ఆ గొయ్యిని ఇచ్చేశాడు. తాత నన్ను ఇచ్చేశాడు. ఆయన పోయినప్పుడు అందరికంటే ఎక్కువ నేనే ఏడ్చాను, అదీ నిజమే. ఇప్పటికీ ఎవరైనా గవ్వలు అమ్ముతుంటే ఆ కొట్టు ముందు ఆగను.

మొన్న ఫెర్రీ నీళ్ళ మధ్యకొచ్చేసరికి నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. మిల్లు పొగగొట్టం లేదు, అది ఉండే చోటు తెలుసు. బోడికొండ నిండా ఇళ్ళు. అటు సున్నం గోడ కూలిపోయింది, కొబ్బరిచెట్లు రెండింట్లో ఒకటి లేదు. అయినా రెండు చూపులూ వచ్చి కలిశాయి. ఫెర్రీ సరిగ్గా అక్కడినుంచే పోతోంది. కింద ఏమీ లేదు. చదునైన బురద.

"క్యా హువా అమ్మమ్మా, కంట్లో ఏం పడింది?" అని అడిగింది మనవరాలు, ఇంకా నవ్వుతూనే.

"ఏం పడలేదు. పూడిపోయిందన్నావే, ఆ గొయ్యి ఇక్కడే."

"సచ్? నీ కాలు పెట్టిన చోటేనా?"

"నా కాలు వల్ల కాదే" అన్నాను.

నా గొంతు ఎలా ఉందో, పిల్ల నవ్వు ఆపేసింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. "మరి ఎవరి వల్ల?" అంది.

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఫెర్రీ బాంబూఫ్లాట్ జెట్టీకి ఆనింది. అందరూ సామాన్లు సర్దుకుని లేస్తున్నారు. స్నేహితురాలు దిగుదాం రమ్మని చెయ్యి పట్టి లాగుతోంది.

"కూకో" అన్నాను మనవరాలితో. "ఈ ఫెర్రీ మళ్ళీ వెనక్కే పోతాది. కూకో, చెప్తాను."